ఫార్మసీలో సమానత్వం అంటే పనిలో ఏం చేయాలి?

ఫార్మసీ వృత్తిలో సమానత్వం, వైవిధ్యం, అందరినీ కలుపుకుపోవడం అంటుంటారు కదా, మందులిచ్చే పనికీ వాటికీ ఏం సంబంధం అని అడిగారు. చాలా ఉంది. ఒకే మందు, ఒకే మాట అందరికీ ఒకేలా పనిచేయవు.

జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర సంగతే చూడండి. అది ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా బయటికి పోతుంది, దాంతో మర్నాడు పొద్దున బండి నడిపేటప్పుడు కూడా మత్తు మిగిలి ఉండొచ్చు. అయినా అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సంస్థ, ఆడవాళ్లకు మామూలు మాత్ర డోసును 10 మి.గ్రా. నుంచి 5కి తగ్గించమన్నది 2013లో, అంటే మందుకు అనుమతి వచ్చిన 20 ఏళ్లకు! ఇది నాకు ఇప్పటికీ బాధగానే అనిపిస్తుంది.

దద్దుర్లూ అంతే. ఎర్రగా ఉంటాయని చదువుకుని వస్తాం, నల్లటి చర్మం మీద అవి ఊదా రంగులోనో బూడిద రంగులోనో కనిపిస్తే పోల్చుకోలేం.

ఇక కౌంటర్ దగ్గర. చెవులు సరిగ్గా వినపడని మనిషి మీ పెదవులు చూసి అర్థం చేసుకుంటుంటే, తల వంచుకుని స్క్రీన్ చూస్తూ డోసు చెప్పడం వల్ల ఉపయోగం లేదు. చదవడం రానివాళ్లను క్యూలో అందరి ముందూ "చదవగలరా?" అని అడగకుండా, పక్కకు పిలిచి, మందు ఎలా వేసుకుంటారో వాళ్ల మాటల్లోనే చెప్పించుకోండి. జెలటిన్ క్యాప్సూల్ జంతువుల నుంచి వచ్చేదని ముందే చెప్పండి, కొంతమంది తర్వాత తెలిసి మందు మానేయొచ్చు.

సిబ్బంది విషయంలోనైతే ప్రమోషన్లు, షిఫ్టులు ఎవరికి ఎందుకు ఇస్తున్నారో రాతపూర్వకంగా పెట్టించండి, ముందు అక్కడ మొదలుపెట్టండి.