కాలినడకన కొండకు బయలుదేరుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మీ మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు తొమ్మిదిమంది స్నేహితులను వెంటబెట్టుకొని కడప నుంచి తిరుమలకు కాలినడకన వెళ్తున్నావనీ, ఎండదెబ్బ తగలకుండా రాత్రిళ్లు నడిచి పగలు పడుకోవాలని నిర్ణయించుకున్నారనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. మీ తాత తీర్చకుండానే వెళ్లిపోయిన మొక్కును మనవడు తలకెత్తుకున్నాడని విన్నప్పుడు నా కళ్లు చెమర్చాయి. ఆ రాత్రి నుంచి సరిగ్గా నిద్ర మాత్రం పట్టడం లేదు. ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట, కోడూరు, మామండూరు మీదుగా పోయే ఆ జాతీయ రహదారిపై చెన్నై వైపు వెళ్లే కార్లూ లారీలూ తెల్లవార్లూ ఆగవు. ప్రభుత్వాసుపత్రిలో ముప్పైరెండేళ్లు నర్సుగా పనిచేసి, అందులో పద్నాలుగేళ్లు క్యాజువాలిటీలోనే గడిపినదాన్ని కాబట్టి, రాత్రిపూట నడిచే పదిమంది అనగానే నా మనసు ఎక్కడికి పోతుందో నువ్వు ఊహించగలవు.

ఎదురుగా వచ్చే బండి కనబడేలా రోడ్డుకు కుడివైపున, తారు దిగి, ఒకరి వెనుక ఒకరుగా నడవండి. తెల్లచొక్కాలు వేసుకోండి, ముందువాడి చేతిలోనూ చివరివాడి చేతిలోనూ టార్చి వెలుగుతూ ఉండాలి, చెవుల్లో పాటలు వద్దు. ఇవన్నీ నీకు తెలిసినవే. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఏ కారైనా మీలో ఒకరిని తాకితే ఆ తరువాత ఏం చేయాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

మనవాళ్లకు పడినవాడు కనిపించగానే రెక్క పట్టి లేపి కూర్చోబెట్టడం, నోట్లో నీళ్లు పోయడం అలవాటు. ఆ రెండు పనులూ మీలో ఎవరూ చేయకూడదు. అందరూ చుట్టూ మూగితే వెనుక వచ్చే బండి మిమ్మల్నీ తొక్కుతుంది కనుక, ఇద్దరు టార్చిలతో రెండు వైపులా వంద అడుగులు ముందుకు పోయి బండ్లను నెమ్మదింపజేయాలి, ఒకడు 108కి ఫోను చేసి కిలోమీటరు రాయి మీది అంకె చెప్పాలి, నువ్వు మాత్రం పడినవాడి తల పక్కన మోకాళ్ల మీద కూర్చొని రెండు చేతులతో తలను కదలకుండా పట్టుకొని మాట్లాడించాలి. మెడ నొప్పిగా ఉందా, కాలివేళ్లు కదుపుతున్నాడా, తిమ్మిరిగా ఉందా అని అడుగు. రోడ్డు మధ్యలో పడి ఉంటే తప్పదు గనుక, నలుగురు కలిసి తల, మెడ, వెన్ను ఒకే గీతలో ఉండేలా పక్కకు జరపండి. రక్తం కారుతున్నచోట శుభ్రమైన తువ్వాలు పెట్టి గట్టిగా అదిమి ఉంచండి, మాటిమాటికీ తీసి చూడవద్దు. ఆసుపత్రిలో ఆపరేషను అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి, స్పృహ తప్పినవాడి గొంతులోకి పోయిన నీరు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అందుకే నీళ్లు వద్దంటున్నాను. వాడు దాహం అని ఏడ్చినా పెదవులు తడిపి ఊరుకో.

ఇంత వరకు పడి లేవలేనివాడి సంగతి. నన్ను ఎక్కువగా భయపెట్టేవాడు పడి లేచి, ప్యాంటు దులుపుకొని, నాకేమీ కాలేదు పదండి అనేవాడు. ఈ మాట ఎందుకంటున్నానో మీ నాన్న నీకు పూర్తిగా చెప్పి ఉండడు.

1997లో మేము రాజంపేటలో ఉండేవాళ్లం. మీ మామ లెక్కల మాస్టారు. ఒకనాటి సాయంత్రం ఏడు గంటలప్పుడు ట్యూషను ముగించుకొని రోడ్డు పక్కన నడిచి వస్తుంటే వెనుక నుంచి ఒక కారు తగిలింది. ఆయన పడ్డారు, లేచారు. కారు నడిపినాయన దిగి, క్షమించమని అడిగి, మందులకని రెండు వందలు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మీ మామ ఆ డబ్బు జేబులో వేసుకొని అర కిలోమీటరు నడిచి ఇంటికి వచ్చారు. ఒక కాలికే చెప్పు ఉంది. నేను ముందుగా చూసింది ఆ చెప్పునే. వారం క్రితమే కొన్న జత. ఒకటి ఎక్కడ పారేశారని కోప్పడ్డాను. కారు తాకిడికి కాలి చెప్పు ఊడి ఎగిరిపోయిందంటే దెబ్బ ఎంత బలమైనదో క్యాజువాలిటీలో చేరే ప్రతి కేసులోనూ చూస్తూ వచ్చినదాన్ని. నా ఇంట్లో చూసినప్పుడు నాకది చెప్పులాగే కనిపించింది.

మోచేతికి అయోడిన్ రాశాను. ఎడమ చెవికి పైన చింతగింజంత వాపు నా వేళ్లకు తగిలింది. ఏం కాదులే అన్నారు, తడిగుడ్డ పెట్టాను. రాగి సంకటి తిన్నారు, పిల్లల పరీక్ష పేపర్లు నాలుగైదు దిద్దారు, తలనొప్పిగా ఉందని పది గంటలకు పడుకున్నారు. నొప్పిమాత్ర ఇచ్చి నేనే దీపం తీశాను. చెవి పైభాగంలో పుర్రె ఎముక పలుచనగా ఉంటుంది, దాని లోపలివైపున ఒక ధమని పోతుంది, ఎముక చిట్లి అది తెగితే రక్తం మెల్లగా పేరుకుంటూ మెదడును నొక్కుతుంది, మధ్యలో కొన్ని గంటలు మనిషి మామూలుగా తిని, నవ్వి, మాట్లాడతాడు. ఇది నాకు తెలియని విద్య కాదు. పరీక్షలో రాసి పాసయ్యాను.

ఒంటిగంటకు ఆయన గురక మారింది. గొంతులో నీరున్నట్టుగా, లాగి లాగి వస్తోంది. పిలిచాను, పలకలేదు. టార్చి వేసి రెప్ప ఎత్తి చూస్తే కుడి కంటిపాప చిన్నగా ముడుచుకుంది, ఎడమది పెద్దదై వెలుగుకు కదలకుండా ఉంది. అప్పటికి 108 లేదు, అది మన రాష్ట్రానికి 2005లో వచ్చింది. అద్దె జీపు దొరికేసరికి గంట, తిరుపతికి చేరి స్కానింగు అయ్యేసరికి తెల్లవారింది. ఆపరేషను చేసిన డాక్టరు గారు ప్రాణం నిలబెట్టారు. ఆ తరువాత ఆయన పదకొండేళ్లు బతికారు, కుడిచేతితో సుద్దముక్క పట్టలేక, ఐదు అనబోయి ఆకు అంటూ, నన్ను తన చెల్లెలి పేరుతో పిలుస్తూ. అలా పిలిచిన ప్రతిసారీ నేను పలికాను. కారు నంబరు ఎవరూ చూడలేదు, కేసు లేదు, ఆ రెండు వందలు తప్ప పరిహారమూ లేదు.

కాబట్టి నాయనా, కారు తగిలినవాడు బాగానే ఉన్నానంటే వాడి మాట మీద నువ్వు నిర్ణయం చేయవద్దు. తలకు తగిలినా, ఒక్క క్షణం స్పృహ తప్పినా, ఏం జరిగిందో గుర్తులేదన్నా నేరుగా ఆసుపత్రికే. రాజంపేట దాటి ఉంటే తిరుపతిలో రుయా ఆసుపత్రికి తీసుకువెళ్లు. పరీక్ష చేసి పంపినా మొదటి రాత్రి వాణ్ణి ఒంటరిగా పడుకోనివ్వవద్దు. రెండు గంటలకొకసారి లేపి పేరు, ఊరు, వారం అడుగు. మళ్లీ మళ్లీ వాంతి, పెరిగే తలనొప్పి, తడబడే మాట, కారణం లేని చిరాకు, ముక్కు నుంచో చెవి నుంచో నీరు, వీటిలో ఏది కనిపించినా వెంటనే తిరిగి తీసుకువెళ్లు. కడుపు బిగుసుకుపోయినా, మూత్రం ఎర్రగా వచ్చినా, భుజానికి దెబ్బ తగలకుండానే ఎడమ భుజం నొప్పి పుట్టినా అంతే. ఆ భుజం నొప్పి లోపల, ఎడమ పక్కటెముకల కింద ఉండే ప్లీహం చిట్లిన గుర్తు కావచ్చు. సొంతంగా నొప్పిమాత్రలు ఇవ్వవద్దు.

కారు నంబరు ఫోటో తీయండి, చార్జింగు అయిపోతుందేమో గనుక అరచేతిలో పెన్నుతో కూడా రాసుకోండి. డ్రైవరు మీద ఎవరూ చేయి చేసుకోకూడదు. మన సీమ కుర్రాళ్ల ఆవేశం నాకు తెలుసు. భయపడి వాడు పారిపోతే గాయపడినవాడిని ఎక్కించడానికి దగ్గరున్న బండి పోతుంది. గాయపడినవాడిని ఆసుపత్రికి చేర్చడం చట్టప్రకారం డ్రైవరు బాధ్యత. ఆసుపత్రిలో రోడ్డు ప్రమాదమని స్పష్టంగా చెప్పి మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా రాయించు. జారిపడ్డాడని ఎవరు చెప్పమన్నా చెప్పకు. పోలీసులు వచ్చాకే వైద్యం అనే హక్కు ఏ ఆసుపత్రికీ లేదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టనవసరంలేని వైద్యం పథకం అమలులో ఉంది, దాని సంగతి అడుగు. ఫిర్యాదు ఇచ్చి ఎఫ్ఐఆర్ నకలు తీసుకో, అది ఉచితం. రాజీ కాగితం మీద మాత్రం, ఎంత పెద్దమనిషి వచ్చి బతిమాలినా, డాక్టరు పూర్తిగా నయమైందని రాసేదాకా ఎవరూ సంతకం పెట్టకూడదు. పరిహారం దావాకు చట్టం ఆరు నెలల గడువే పెట్టింది. బండి ఏదో తెలియకపోయినా తీవ్ర గాయానికి 50 వేలు, ప్రాణం పోతే 2 లక్షలు ఇచ్చే ఏర్పాటు ఉంది. అదీ ఫిర్యాదు ఉంటేనే.

కోప్పడినట్టు రాశానేమో. నిన్ను ఆపాలని నాకు లేదు. మీరు ఒంటిమిట్టలో రాముణ్ణి చూసి బయలుదేరేటప్పుడు నాకు ఫోను చెయ్యి. నేను మీ నాన్నతో రాజంపేటకు వచ్చి ఊరి మొదట్లో రోడ్డు పక్కనే కూర్చొని ఉంటాను. పదిమందికీ పెరుగన్నం, వీపుకు అంటించుకోవడానికి వెలుగు పడితే మెరిసే పట్టీలు తెస్తాను. పదిమందీ వచ్చి నా ముందు నిలబడండి, పాదాలు చూస్తాను, చెప్పులూ చూస్తాను.

ఇట్లు,
మీ మేనత్త