అడగండి - చెబుతాం: క్యాన్సర్‌ను ముందే పట్టడం

ఆరోగ్య కేంద్రంలో గర్భసంచి మూతికి ఏదో మందు పూసి చూసి తెల్లమచ్చ ఉందన్నారు, కర్నూలు పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. నాకు 38 ఏండ్లు. గర్భసంచి తీయించేస్తే పీడ పోతుంది గదా అంటాడు మా ఆయన. దీపావళి అయినాక మిరప కోతలకు గుంటూరు పోవాలి. ఉగాదికి వచ్చినాక చూపించుకుంటే ఏమన్నా అయితాదా?
- ఒక పాఠకురాలు, కోసిగి

పోకముందే చూపించుకోండమ్మా. మీకు పూసింది 3 నుంచి 5 శాతం అసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్ లాంటిదే. మార్పు వచ్చిన కణాలు దాని తాకిడికి నిమిషంలో తెల్లబడతాయి. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, పుండు మానుతున్నా అట్లాగే తెల్లబడొచ్చు. అందుకే మచ్చ కనిపించిన వాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. ఈ జబ్బుకు మూలమైన హెచ్‌పీవీ వైరస్ సోకినాక క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15, 20 ఏండ్లు పడుతుంది. ఆ లెక్కన ఉగాది దాకా ఆగొచ్చు అనిపిస్తుంది. కానీ మీ మచ్చ ఆ దారిలో మొదట ఉందో చివర ఉందో ఈ పూత చెప్పలేదు. కలిసిన తర్వాత రక్తం కనిపించినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా రేపే బయలుదేరండి.

పెద్దాసుపత్రిలో కాల్పోస్కోపీ చేస్తారు. భూతద్దం లాంటి పరికరంతో చూసి, అనుమానం ఉన్న చోట బియ్యపు గింజంత ముక్క తీస్తారు. ఒకటి రెండు రోజులు కాస్త రక్తం మరక కనిపించొచ్చు. క్యాన్సర్‌కు ముందు దశ మార్పులే అయితే వేడి ప్రోబ్‌తో (కాచిన చిన్న కడ్డీతో) ఆ చోటు కాల్చడం కొద్ది నిమిషాల పని, గర్భసంచి జోలికి పోనక్కర్లేదు. మీ ఆయన చెప్పిన దారిలో అసలు ప్రమాదం ఏమిటంటే, ముక్క పరీక్ష లేకుండా మామూలు ఆపరేషన్ చేసినాక లోపల క్యాన్సర్ ఉందని తేలితే, ఆ ఆపరేషన్ చాలదు. చుట్టూ తీయాల్సిన కండ మిగిలిపోయి ఉంటుంది. తర్వాత రేడియేషన్‌తో సర్దుకోవాలి.

ముట్టు మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి పదో రోజు ప్రాంతంలో పోండి. రెండు రోజుల ముందు నుంచి కలయిక వద్దు, లోపల మందులు పెట్టుకోవద్దు. కేంద్రంలో ఇచ్చిన చీటీ తీసుకెళ్లండి. ఇంకొకటి: ముక్క పరీక్ష ఫారంలో గుంటూరులో కూడా మోగే ఫోన్ నంబరు రాయించండి. రిపోర్టు వచ్చినా మనిషి దొరకక ఫైల్లోనే ఉండిపోవడం ఎక్కడైనా జరిగేదే.

ఈ పరీక్ష పల్లెటూరి పని అని చిన్నచూపు వద్దు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది ఆడవాళ్లతో అధ్యయనం చేశారు. పూత పరీక్ష చేసింది డాక్టర్లు కాదు, పదో తరగతి చదివి నాలుగు వారాల శిక్షణ పొందిన ఆడవాళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో తేల్చారు. పరీక్ష చేసే నర్సమ్మలకు ఒక మాట: మందు ఏ రోజుకారోజు కలపాలి, దూది పెట్టి నిండా ఒక నిమిషం ఆగాలి, లైటు తెల్లగా ఉండాలి. ముట్లు ఆగినవాళ్లలో చూడాల్సిన చోటు లోపలికి పోతుంది గనుక పూత నమ్మదగినది కాదు. వాళ్లకు హెచ్‌పీవీ పరీక్ష మేలు.

మా నాయనకు 56. కైనీ పెట్టుకుంటాడు. దవడ లోపల రెండు నెలలుగా పుండు. నొప్పి లేదు. ఇద్దరు డాక్టర్లు బి-కాంప్లెక్స్, జెల్ ఇచ్చారు. ముక్క తీస్తే పాకుతుందని బంధువులు భయపెడుతున్నారు.
- ప్రొద్దుటూరు

నొప్పి లేదు అన్నదే ఇక్కడ మంచి గుర్తు కాదు. వేడి చేసిన పుండు మండుతుంది, వారం పది రోజుల్లో మానుతుంది. కైనీ పెట్టే చోటే రెండు నెలలున్న పుండుకు జెల్ వైద్యం కాదు. కైనీ ఆపి, గీసుకునే పన్ను ఉంటే నునుపు చేయించి, రెండు వారాల్లో మానకపోతే ముక్క పరీక్ష చేయించాలి. మీ నాయన విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటింది. కడపలో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

ముక్క తీస్తే నోటి క్యాన్సర్ పాకుతుందన్నది నిజం కాదు. ముక్క ఎక్కడ తీశారన్నదే ముఖ్యం. పుండు నడిమధ్య చచ్చిన కండ ఉంటుంది, అక్కడ తీస్తే రిపోర్టులో ఏమీ తేలదు. అంచున, మంచి కండ కూడా కాస్త కలిసేలా తీయాలి. వెంటనే వెడల్పు మూతి సీసాలో 10 శాతం ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవంలో) వేయాలి, ఆ ద్రవం ముక్కకు కనీసం పది రెట్లు ఉండాలి. సెలైన్‌లో వేసి పంపితే ముక్క కుళ్లి కణాలు గుర్తుపట్టలేనట్టు అవుతాయి. క్యాన్సర్ లేదని వచ్చి కూడా పుండు మానకపోతే మళ్లీ తీయించాల్సిందే.

ఈలోగా ఆయన నోట్లో మూడు వేళ్లు నిలువుగా పడతాయేమో చూడండి. పట్టకపోతే అదీ డాక్టరుకు చెప్పండి. కేరళలో తిరువనంతపురం దగ్గర 1996 నుంచి ఇంటింటికీ వెళ్లి నోరు చూసినప్పుడు, పొగాకో మందో అలవాటున్న వాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. వాడింది టార్చిలైటు, కళ్లు, వేళ్లు.

అనంతపురంలో ఒక ల్యాబ్ ఫుల్ బాడీ ప్యాకేజీలో క్యాన్సర్ మార్కర్లు కూడా చేస్తుందట. మేమిద్దరం చేయించుకుందామా?
- అనంతపురం

వద్దు. మార్కర్లంటే క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరగొచ్చనే పదార్థాలు, సీఏ-125, సీఈఏ లాంటివి. సీఏ-125 ముట్టు సమయంలో, కడుపులో టీబీ ఉన్నా, లివర్ చెడి నీరు చేరినా పెరుగుతుంది. తొలిదశ అండాశయ క్యాన్సర్ ఉన్న వాళ్లలో సగం మందికి మామూలుగానే ఉంటుంది. సీఈఏ బీడీ తాగినా పెరుగుతుంది. దక్షిణ కొరియాలో మెడ స్కానింగ్ అందరికీ అలవాటయ్యాక 1993 నుంచి 2011కు థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి, చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. ఎన్నడూ ఇబ్బంది పెట్టని గడ్డలకు ఆపరేషన్లయి, ఎంతోమంది జీవితాంతం మాత్రలు మింగుతున్నారు. 30 దాటితే నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఆ ల్యాబ్ ప్యాకేజీతో పోలిస్తే అవే గట్టివి.

రొమ్ములో గడ్డ తగులుతోంది, మామోగ్రాంలో (రొమ్ము ఎక్స్‌రేలో) ఏమీ లేదన్నారు. వదిలేయనా?
- ఆదోని

వదలొద్దు. చేతికి తగిలే గడ్డ కూడా మామోగ్రాంలో తప్పిపోవచ్చు, చిన్న వయసులో మరీ ఎక్కువ. అల్ట్రాసౌండ్ చేయించి సూదితో ముక్క తీయించండి. అప్పటిదాకా ఆ గడ్డ లెక్క తేలనట్టే.

విలేజ్ క్లినిక్‌లో పనిచేస్తాను. రోజుకు యాభై మంది వస్తారు. క్యాన్సర్ అనుమానంతో ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలో ఎట్లా తెలుసుకోవాలి?
- కళ్యాణదుర్గం దగ్గర నుంచి

మొదటిసారి వచ్చినవాళ్లతో తలబద్దలు కొట్టుకోకండి. అదే బాధతో మళ్లీ వచ్చినవాళ్లను పట్టుకోండి. మూడోసారి వస్తే తప్పక పంపండి.

మగవాళ్లలో, ముట్లు ఆగిన ఆడవాళ్లలో రక్తం తక్కువైతే ఐరన్ మాత్రలిచ్చి ఊరుకోకండి, పేగులో ఎక్కడో కారుతుండొచ్చు. మలంలో రక్తమంటే మొలలని రాసేముందు ఎవరో ఒకరు వేలు పెట్టి చూశారా అడగండి. ముట్లు ఆగి ఏడాది దాటినాక ఒక చుక్క రక్తమైనా పంపాల్సిందే. గ్యాస్ మాత్రలు నెలల తరబడి వాడుతూ బరువు తగ్గుతున్నవాళ్లు, మింగడం కష్టమైనవాళ్లు కూడా. టీబీ మందు మొదలుపెట్టాక బీడీ తాగే పెద్దమనిషికి దగ్గు తగ్గకపోతే, కళ్లెలో టీబీ అసలు తేలిందా లేక ఎక్స్‌రే మచ్చ చూసి మందిచ్చారా అన్నది కనుక్కోండి. మన దగ్గర ఊపిరితిత్తుల క్యాన్సర్ నెలలు నెలలు దాక్కునేది అక్కడే.

ఆశ వర్కర్ ఇంటింటికీ తిరిగి జబ్బుల ముప్పు లెక్కకట్టి నింపే సీబ్యాక్ ఫారంలో స్కోరు 4 దాటితే ముందు పిలవాలి, నిజమే. 4 లోపు వచ్చినా 30 దాటినవాళ్లకు పరీక్ష మానేయమని కాదు. చాలాచోట్ల అట్లా అర్థం చేసుకుంటున్నారు.

పంపినవాళ్లకు ఏమీ లేదని వస్తే పైవాళ్లు విసుక్కుంటారనే జంకు ఉంటుంది. ఇంగ్లండులో 2015 నుంచి, ఒక లక్షణం వెనక క్యాన్సర్ ఉండే అవకాశం నూటికి మూడు ఉన్నా పంపమనే నియమం. అంటే 97 మందికి ఏమీ లేకపోవడం ఆ లెక్కలోనే ఉంది.

రిజిస్టరులో "పంపాం" దగ్గర గీత కొట్టేయకండి. పక్కనే మూడు గడులు గీసుకోండి: వెళ్లిన తేదీ, రిపోర్టు తేదీ, మందు మొదలైన తేదీ. ఖాళీగా ఉన్న గడులు చూసి శనివారం శనివారం ఫోన్ చేయండి.