కొత్తగ కాలనీ కమిటీ పట్టిన తమ్మికి

తమ్మీ,

కమిటీ చేతికి రాంగనే అందరు అడిగేది వాకింగ్ ట్రాక్. తొందరపడకు. ట్రాక్ మీద తిరిగేటోళ్లు ఎట్లైనా తిరుగుతరు, హన్మకొండోళ్లకు భద్రకాళి చెరువు కట్ట మీది బండ్ ఉండనే ఉన్నది. డెబ్బై దాటిన మనిషి పాలప్యాకెట్‌కు, రేషన్ దుకాణానికి, బస్టాపుకు తోడు లేకుండ పోయి రాగలడా? అది చూడు. నాలుగైదు వందల మీటర్ల తొవ్వ ఒక్కటి పట్టుకొని మొత్తం బాగుచెయ్యి. పైసలు గల్లీకింత పంచితే ఏ తొవ్వా పూర్తిగాదు.

ఫుట్‌పాత్‌కు అడ్డం లేని వెడల్పు 1.8 మీటర్లు ఉండాలని రోడ్ల కొలతలు ఖరారు చేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క. స్తంభం, చెట్టు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పోను మిగిలిందే వెడల్పు. ఎత్తు 15 సెంటీమీటర్లు దాటొద్దు. బండ్లు ఎక్కొద్దని అడుగెత్తు కట్టిస్తరు. ముసలోళ్లు ఎక్కలేక రోడ్డు మీద నడుస్తరు, బండ్లేమో ఇంటి ర్యాంపు మీదుగ ఎక్కనే ఎక్కుతయి. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు, అంటే 15 సెంటీమీటర్లకు 1.8 మీటర్ల పొడవు. మేస్త్రీకి వదిలేస్తే అర మీటర్ల ముగిస్తడు. గేటుగేటుకు ఫుట్‌పాత్ దించకు, కారునే ఎక్కి దిగనియ్యి.

అసలు తిప్పలు సీసీ రోడ్డు మీద సీసీ పోసేకాడ. పోసినప్పుడల్లా రోడ్డు లేస్తది, ఇండ్లు కిందికైతయి. వాన నీళ్లు లోపటికొస్తున్నయని ప్రతి ఇంటాయన మోరీ మీద సొంత ర్యాంపు పోసుకుంటడు. ఇగ పూడిక తీసే సందూ ఉండదు, నడిచే జాగా ఉండదు. పాతది తవ్వి అదే మట్టానికి పొయ్యాలని ఎస్టిమేట్‌లనే రాయించు. టెండరయినంక ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) బతిమాలినా లాభం లేదు.

మోరీ స్లాబుల నడుమ సందు సెంటీమీటరు లోపలే ఉండాలె, లేకుంటే చేతికర్ర కొన ఇరుక్కుంటది. కరీంనగర్ గ్రానైట్ అగ్గువకు దొరికిందని నున్నటి ముక్కలు పరవనియ్యకు, తడిస్తే జారుడుబండే. గరుకుది వెయ్యించు.

యాభై, అరవై మీటర్లకొక గద్దె పెట్టు. ఎత్తు 45 సెంటీమీటర్లు, వీపుకు ఆనుడు, పక్కలకు చేతులు. చేతులు లేని బెంచీ మీద కూసున్న మోకాళ్లనొప్పులామె లేవలేదు. పడమటెండ తగిలే బండ మీద ఏప్రిల్ల ఎవ్వరూ కూసోరు, అందుకే ముందు వేపో, కానుగో నాటి ఆ నీడలనే గద్దె కట్టు. ఆడోళ్లు దూరం నడవకపోవడానికి సగం కారణం మూత్రశాల లేకపోవుడు. ఆ సంగతి మీటింగుల ఎవ్వరూ ఎత్తరు, నువ్వే ఎత్తాలె.

చౌరస్తాల సిగ్నల్‌కు సెకనుకు 1.2 మీటర్ల నడక లెక్కగడుతరు. 14 మీటర్ల రోడ్డుకు 12 సెకన్లు. మెల్లగ 0.8 మీటర్లు నడిచే మనిషికి 18 సెకన్లు గావాలె. టైం పెంచమని అడుగు, డివైడర్ నడుమ ఆగనీకె మీటరున్నర జాగ అడుగు. స్పీడ్ బ్రేకర్ అంటే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. జానెడు వెడల్పుతోని పోసే గట్టు ఆటోల కూసున్నోళ్ల నడుము విరుస్తది.

దరఖాస్తుకు ముందు ఆ తొవ్వల కర్ర పట్టినోళ్లొకరు, చక్రాల కుర్చీల ఒకరు, పసిపిల్ల తల్లి ఒకరు నీతోని నడవాలె. పొద్దున పదికి ఒకసారి, చీకటి పడ్డంక ఒకసారి. వాళ్లు ఆగినకాడల్లా సుద్దతోని నంబరెయ్యి, ఫొటో తియ్యి, కొలత రాయి. ఆ కాగితంతోని సోమవారం బల్దియాల అర్జీలు తీసుకునే ప్రజావాణికి పో. వార్డుల వృద్ధుల కమిటీ ఉంటే సంతకాలు వాళ్లతోనే పెట్టించు. సుద్దముక్కలు ఎక్కువే పట్టుకపో, సీసీ మీద జల్ది అరుగుతయి.