ట్రిప్ మీటరు విప్పే ముందు: మేనల్లుడికి ఉత్తరం

కావలి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో హడావిడిగా మాట్లాడుకున్నాం, సరిగా చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నా. నీ మారుతి జెన్ కారులో ట్రిప్ మీటరు, అదే మనం సున్నా చేసుకుని ఒక్కో ప్రయాణం దూరం చూసుకునే చిన్న మీటరు, 14.6 దగ్గర ఆగిపోయిందన్నావు. స్పీడు ముల్లు బాగానే ఆడుతోందనీ, మొత్తం కిలోమీటర్ల అంకెలు తిరుగుతూనే ఉన్నాయనీ చెప్పావు. ఆ రెండు మాటలతోనే సగం పని తేలిపోయింది నాయనా. మీటరును తిప్పే కేబుల్ బాగుంది, దాని జోలికి పోవద్దు. కేబుల్ తెగితే ముల్లు, అంకెలు, ట్రిప్పు మూడూ ఒకేసారి ఆగిపోతాయి. మెకానిక్ ఎవరైనా ముందు కేబుల్ మార్చేద్దాం అంటే ఒప్పుకోకు.

పాత కారుకు ట్రిప్ మీటరు ఎందుకులే అని నీ స్నేహితుడు అన్నాడట. ఒకసారి నా పాత కారులో అది పనిచేయడం లేదు. పెట్రోలు ముల్లు పావు ట్యాంకు చూపిస్తోంది కదా అని నమ్మి రాత్రిపూట ఒంగోలు నుంచి బయలుదేరాను. సింగరాయకొండ దాటి ఉలవపాడు చేరకముందే బండి ఆగిపోయింది. మీ అత్తయ్య, పిల్లలు హైవే పక్కన చీకట్లో రెండు గంటలు కూర్చున్నారు. పక్కనుంచి లారీలు పోతుంటే నాకు కలిగిన భయం ఇప్పటికీ పోలేదు. పాత బండ్లలో పెట్రోలు ముల్లును నమ్మలేం. ఫుల్ ట్యాంకు కొట్టించి ట్రిప్పు సున్నా చేసుకుంటే ఎంత దూరం వచ్చామో అంకెల్లోనే కనిపిస్తుంది. మళ్ళీ ఫుల్ చేసినప్పుడు కిలోమీటర్లను లీటర్లతో భాగించు. లీటరుకు 16 ఇచ్చే బండి 12కి పడిపోయిందంటే బ్రేకు పట్టేయడమో, కార్బొరేటర్ చెడటమో ఏదో తేడా జరిగిందని నీకు అప్పుడే తెలిసిపోతుంది.

లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చెబుతాను. గేరుబాక్సు నుంచి వచ్చే కేబుల్ మీటర్లో ఒక చిన్న ఇరుసును తిప్పుతుంది. ఆ ఇరుసు కొసన ఉన్న అయస్కాంతం అల్యూమినియం గిన్నెను లాగితే స్పీడు ముల్లు లేస్తుంది. అదే ఇరుసు మీద ఉన్న మర, చిన్న ప్లాస్టిక్ గేర్ల ద్వారా అంకెల చక్రాలను తిప్పుతుంది. అక్కడి నుంచి ఇంకో చిన్న గేరు ట్రిప్పు చక్రాలకు చలనం ఇస్తుంది. ట్రిప్పును సున్నా చేసే నాబ్ నొక్కినప్పుడు ఆ గేరు పక్కకు జరిగి, చక్రాలు సున్నాకు వస్తాయి. వదలగానే అది మళ్ళీ వచ్చి పళ్ళు కలుపుకోవాలి.

నా అనుమానమంతా అక్కడే. చీమకుర్తి రోడ్డు మీద రోజూ క్వారీ లారీల వెనక పోతావు. ఆ గ్రానైట్ పొడి సన్నటి పిండిలా ఉంటుంది, ఎక్కడికైనా దూరుతుంది. ఎన్నో ఏళ్ళ నాటి గ్రీజుతో కలిసి గట్టిపడితే నాబ్ పూర్తిగా వెనక్కి రాదు, గేరు పట్టుకోదు. కాబట్టి ఏదీ విప్పకముందే బండి ఆపి, నాబ్ మెల్లగా నొక్కి వదులు. బద్ధకంగా వస్తోందా చూడు. వేళ్ళతో కొంచెం బయటికి లాగి పది కిలోమీటర్లు నడుపు. ట్రిప్పు అంకెలు కదిలితే లోపల శుభ్రం చేస్తే చాలు.

కదలకపోతే విప్పాల్సిందే. ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్. మొత్తం కిలోమీటర్ల అంకె రాసుకుని ఫోటో కూడా తీసిపెట్టు. మీటరు వెనక కేబుల్‌కు నొక్కి తీసే క్లిప్పు ఉంటుంది, దాన్ని గుంజకు. వెనకాల పల్చటి ప్లాస్టిక్ రేకు మీద రాగి గీతలు ఉంటాయి, అది మడతపడితే లైట్లు పోతాయి.

స్పీడు ముల్లును మాత్రం తాకొద్దు. నేను ఒకసారి తొందరపడి ముల్లు పీకాను. దాని కింద వెంట్రుక లాంటి స్ప్రింగు వంగిపోయింది, ఆ తర్వాత ఆ మీటరు ఎప్పుడూ సరైన స్పీడు చూపలేదు. ముల్లు తీయకుండా ట్రిప్పు గేర్లు ఎంతవరకు అందితే అంతవరకే పని చెయ్.

గేరును భూతద్దంలో చూడు. పన్ను విరిగిందా, నడుమ చీలిందా? పళ్ళు బాగుండి ఇరుసు మీద జారుతుంటే, ఆ ఇరుసును సన్నటి ఆకురాయితో కొంచెం గరుకు చేసి మళ్ళీ బిగించు. చీలితే ఫెవిక్విక్ పెట్టకు. ఆ ప్లాస్టిక్‌కు అది నిలవదు, పైగా దాని ఆవిరి మీటరు అద్దాన్ని తెల్లగా చేస్తుంది. పాత సామాన్ల అంగట్లో అదే మోడల్ మీటరు దొరికితే అందులోంచి గేరు తీసుకో.

గట్టిపడిన గ్రీజును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడువు. పెట్రోలు వాడితే అంకెల రంగు పోతుంది. తర్వాత సూది మొనతో వాచీ నూనె ఒక్క చుక్క నాబ్ ఇరుసుకు వెయ్, అంతే. అంకెల మీదా, అయస్కాంతం దగ్గరా నూనె పడకూడదు. స్ప్రే కొట్టొద్దు.

పనిలో పనిగా మొత్తం కిలోమీటర్లు తగ్గిద్దామని ఎవరైనా అంటే వినకు. రేపు ఆ బండి కొనేవాడు ఆ అంకెను చూసే డబ్బు ఇస్తాడు. మీటరే మార్చాల్సి వస్తే పాత అంకెను తేదీతో రాసి బండి కాగితాల్లో పెట్టు.

బిగించాక హైవే మీద కిలోమీటరు రాళ్ళు చూస్తూ పది కిలోమీటర్లు నడిపి ట్రిప్పుతో పోల్చుకో. టైర్లు అరిగి ఉంటే మీటరు కొంచెం ఎక్కువ చూపుతుంది, దానికి టెన్షన్ పడకు. ఇక నుంచి బండి కదులుతున్నప్పుడు నాబ్ నొక్కొద్దు. ఆ చిన్న పళ్ళు ఎక్కువగా విరిగేది అప్పుడే. బంకు దగ్గర ఆగినప్పుడే సున్నా చేసుకో, ఈ సంగతి చెల్లెలికి కూడా చెప్పు.

వాచీ స్క్రూడ్రైవర్లు, భూతద్దం నా దగ్గర ఉన్నాయి. ఆదివారం వచ్చి తీసుకుపో, మీ అత్తయ్య కూడా నిన్ను అడుగుతోంది. ముల్లు తీయక తప్పదనిపిస్తే అక్కడికి ఆపి నాకు ఫోన్ చెయ్. మీటరు నా దగ్గరికి తెచ్చెయ్, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య