గుండెలో పెల్లెట్ ఉండిపోయింది.. వదిలేయొచ్చా?

ప్రశ్న: మాది ఏజెన్సీ ఏరియా. మా బావమరిదికి 27 ఏళ్లు. రెండు నెలల క్రితం అడవి పంది కోసం పేల్చిన నాటు తుపాకీ పెల్లెట్లు పొరపాటున అతని ఛాతీలో దిగాయి. ఆపరేషన్ చేసి బతికించారు. ఒక పెల్లెట్ మాత్రం గుండె కండరంలోనే ఉంది, తీయక్కర్లేదు అన్నారు. గుండెకు తగిలితే బతకరంటారు కదా? దాన్నలా వదిలేయొచ్చా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: వేట సంగతి ఇక్కడ ఎత్తను. మీ బావమరిది పెద్ద గండం దాటేశారు, ముందు ఆ ధైర్యంతో ఉండండి.

మీరు విన్నది చాలావరకు నిజమే. గుండెకు తూటా తగిలినవాళ్లలో ఎక్కువమంది ఆస్పత్రి దాకా రారు. ఒంట్లో ఉండే రక్తం సుమారు 5 లీటర్లు, గుండె నిమిషానికి తోడిపోసేదీ దాదాపు అంతే. దానికి పెద్ద చిల్లు పడితే చేతిలో ఎంత టైం ఉంటుందో మీరే లెక్కేసుకోండి. నాడి కొట్టుకుంటుండగా ఆపరేషన్ థియేటర్ చేరినవాళ్ల పరిస్థితి వేరు. వాళ్లలో బతికి ఇంటికెళ్లేవాళ్లు ఉన్నారు.

గుండె చుట్టూ పెరికార్డియం అనే సంచి ఉంటుంది. చిల్లు చిన్నదైతే కారిన రక్తం అందులోనే గడ్డకట్టి, కాసేపు బిరడాలా ఆపుతుంది. కానీ ఆ సంచి ఒక్కసారిగా సాగదు. టీ గ్లాసుడు రక్తం గబగబా చేరినా చాలు, గుండె విచ్చుకోలేదు. బీపీ పడిపోతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి. పెద్ద తూటా అయితే సంచిని కూడా చీల్చేస్తుంది, రక్తం ఛాతీలోకి పోతూనే ఉంటుంది. కత్తిపోటు కన్నా తూటా ప్రమాదం అనేది అందుకే. మీవాళ్లకు తగిలింది చిన్న పెల్లెట్ కావడం కలిసొచ్చి ఉంటుంది.

నేను పీజీ చేసేటప్పుడు కత్తిపోటుతో ఒక కుర్రాడు వచ్చాడు. సంచి కోయగానే కాలేయం ముక్కల్లాంటి గడ్డలు బయటపడ్డాయి, నీరసంగా కదులుతున్న గుండె ఊపందుకుంది. మా సారు చిల్లు మీద వేలు పెట్టి, రెండో చెయ్యి సూది కోసం చాచారు. వేలితో ఆగకపోతే మూత్రానికి వేసే ఫోలీ గొట్టాన్నే చిల్లులోకి దూర్చి, బెలూన్ ఉబ్బించి ఆపుతారు. గుండెకు కుట్టు వేయడం కొత్తేమీ కాదు, 1896లోనే ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రెన్ అనే సర్జన్ వేసి రోగిని బతికించారు.

ఇక మీ అసలు సందేహం. తీయడం రాక వదిలేయలేదు. పెల్లెట్ కండరంలో పూర్తిగా కూరుకుపోయి, ఇబ్బంది పెట్టకపోతే, దానికోసం గుండెను మళ్లీ కోయడమే ఎక్కువ రిస్క్. గుండె గదిలో వదులుగా ఉంటే మాత్రం తీయాలి. ఎడమవైపు నుంచి జారితే మెదడుకో కాలికో, కుడివైపు నుంచైతే ఊపిరితిత్తులకో పోయి రక్తనాళాన్ని మూసేస్తుంది. మీ సర్జన్ ఎకో, సీటీ చూసే ఆ మాట అని ఉంటారు. అయినా చెప్పిన తేదీకి ఎకో చేయించడం మానొద్దు. జ్వరం, ఆయాసం, గుండెదడ, ఛాతీనొప్పి వస్తే ఆ రోజే వెళ్లండి. మూతి వంకరపోయినా, చెయ్యో కాలో పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇలాంటి గాయం ఇంకెవరికైనా అయితే శుభ్రమైన గుడ్డతో రక్తం కారేచోట గట్టిగా నొక్కిపట్టండి. గుచ్చుకున్నదాన్ని లాగొద్దు, నీళ్లు పట్టొద్దు. పసుపు, కాఫీపొడి అద్దడం అస్సలు వద్దు. ‘పోలీస్ కేసు, చేర్చుకోం’ అనే హక్కు ఏ ఆస్పత్రికీ లేదు. ముందు ప్రాణం, తర్వాతే కాగితాలని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది.

ఒక్కటి మర్చిపోవద్దు. నాటు తుపాకీలో సీసం బదులు ఇనుప ముక్కలు కూరుతుంటారు. ఎమ్మారై మెషీన్‌లో ఇనుము కదిలే ప్రమాదం ఉంది. రేపు నడుంనొప్పికి ఎవరైనా ఎమ్మారై రాస్తే గుండెలో పెల్లెట్ ఉందని ముందే చెప్పమనండి. డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రే ఫిల్మ్ బీరువాలో భద్రంగా పెట్టండి.