గోల్ఫ్‌లో బంతి కుడికి బయలుదేరి ఎడమకు హుక్ అవుతోంది (గట్టిగా వంపు తిరుగుతోంది). ఎలా ఆపాలి?

మీది కుడిచేతివాటం అనుకుని చెబుతున్నా. క్లబ్ (కొట్టే కర్ర) లోపలి నుంచి, అంటే మీ వైపు నుంచి, బయటికి మరీ ఎక్కువగా పోతోంది, ఫేసేమో (బంతికి తగిలే ముఖం) ఆ దారికి మూసుకుపోయి, అంటే దానికన్నా ఎడమకు తిరిగి, తగులుతోంది. ముందు గ్రిప్ చూసుకోండి. ఎడమచేతి గణుపులు మూడు, నాలుగు కనిపిస్తుంటే చేతిని కాస్త ఎడమకు తిప్పి రెండుకు తెండి. బంతి మరీ కుడికాలి వైపు ఉంటే ఎడమకాలి వైపు జరపండి.

తిరుపతిలో మా పెరట్లో వల కట్టుకున్నా, అందులో బంతి మెలిక కనపడదు. అందుకే ముగ్గుపిండితో టార్గెట్ వైపు గీత గీసి, బంతి లేకుండా స్వింగ్ చేసి దాన్ని చెరుపుతాను (ఇంట్లోవాళ్లు పండగ ముగ్గేమో అనుకున్నారు). చెరిగిన జాడ గీత దాటి కుడికి పోతే దారి ఇంకా సరికానట్టే. అప్పుడు బంతికి అడుగు వెనక, గీతకు మీ వైపు కొంచెం లోపలగా తువ్వాలు చుట్టిపెట్టండి. క్లబ్ దిగేటప్పుడు దానికి తగలకూడదు. నడుము తిరగడం ఆగితే చేతులు గబుక్కున తిరిగి ఫేస్ మూసుకుపోతుంది, ఛాతీని ఎడమకు తిప్పుతూనే ఉండండి.