బెంగళూరులో చిన్న యూత్ చర్చి ఆరాధన చూడ్డానికి వెళ్తే ఎలా ఉండాలి? నా నాలుగు ఆదివారాల అనుభవం

ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) ఫీల్డ్‌వర్క్ కోసం మీది కాని మతం వాళ్ళ ఆరాధన ఒకటి చూసి రిపోర్టు రాయాలన్నారు. పీజీ హాస్టల్లో మీ రూమ్మేట్ వాళ్ళ తెలుగు యూత్ చర్చికి రమ్మంటోంది. మీరు హిందువు, అక్కడ ఎలా ఉండాలో, వాళ్ళేమనుకుంటారో తెలియక టెన్షన్‌గా ఉందని అడిగారు. మూడేళ్ళ కిందట నేనూ ఇదే బెంగళూరులో, ఇదే కోర్సులో, ఇదే టెన్షన్‌తో ఉన్నాను. మాది అనంతపురం జిల్లా. మా అమ్మ శనివారం ఒక్కపొద్దు తప్పనివ్వదు. అంతకుముందు నేను చర్చి లోపలికి వెళ్ళింది ఒక్కసారే, అదీ స్నేహితురాలి అక్క పెళ్ళికి.

ముందు సూటిగా జవాబు చెప్తాను. వెళ్ళండి. ఎందుకు వస్తున్నారో ముందే చెప్పి వెళ్ళండి. లోపల ఉన్నంతసేపు నోట్‌బుక్ బ్యాగులోంచి తీయకండి. ఈ మూడోది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఆ సంగతి కింద రాస్తాను.

నేను వెళ్ళిన సంఘం లింగరాజపురం వైపు, ఒక హార్డ్‌వేర్ షాపు పైన రెండో అంతస్తులో అద్దె హాలులో కూడుకునేది. పొద్దున అదే హాలులో తమిళ సంఘం ఆరాధన. వాళ్ళు వెళ్ళిపోయాక సాయంత్రం నాలుగింటికి మన తెలుగు పిల్లలది. గోడ మీద పెయింటుతో రాసిన తమిళ వచనం అలాగే ఉండేది. దాని పక్కన మేకుకి తెలుగు బ్యానర్ తగిలించేవాళ్ళు, అయిపోయాక చుట్టి బీరువా మీద పెట్టేవాళ్ళు. మొత్తం ముప్ఫై మందికి మించరు. సగం మంది చిత్తూరు, నెల్లూరు, ప్రకాశం, గుంటూరు జిల్లాల నుంచి చదువులకీ ఉద్యోగాలకీ వచ్చి పీజీల్లో ఉండేవాళ్ళు. మిగతావాళ్ళు ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగిళ్ళ పిల్లలు.

రూమ్మేట్ పిలిచింది కదా అని నేరుగా వెళ్ళిపోలేదు. శనివారమే వాళ్ళ యూత్ లీడర్‌కి ఫోన్ చేశాను. అక్కడ అందరూ ఆయన్ని అన్న అనే అంటారు. "అన్నా, నేను క్రైస్తవురాలిని కాదు. చదువు కోసం చూసి రాసుకోవడానికి వస్తాను, పర్వాలేదా?" అని అడిగాను. "రండి సిస్టర్, దేవుని మందిరానికి ఎవరైనా రావచ్చు" అన్నారు. ఒకే ఒక్క షరతు పెట్టారు, ఫోటోలూ వీడియోలూ వద్దని. ఇంట్లో చెప్పకుండా వచ్చేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారట, వాళ్ళ ముఖాలు ఎక్కడా కనబడకూడదన్నారు. మీరు రిపోర్టు రాసేటప్పుడు కూడా ఇది మనసులో పెట్టుకోండి. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. ముప్ఫై మందిలో "నెల్లూరు నుంచి వచ్చిన నర్సింగ్ విద్యార్థిని" అని రాస్తే ఎవరో ఆ సంఘంలో అందరికీ తెలిసిపోతుంది.

అది ఏ రకం సంఘమో మీ రూమ్మేట్‌ని ముందే అడగండి. బయటివాళ్ళకి చర్చిలన్నీ ఒకేలా కనబడతాయి కానీ లోపల పద్ధతులు చాలా వేరు. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయితే ఆరాధన క్రమం అచ్చువేసిన పుస్తకం ఉంటుంది, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో దాన్ని చూసి తెలుసుకోవచ్చు. ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలూ, అప్పటికే కలిసిపోయి ఉన్న ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలూ ఒక్కటై 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన సంఘం అది. సువార్తికులు భక్త సింగ్ గారి సహవాసాలది మరో తీరు. 1941లో మద్రాసులో మొదలయ్యాయి. చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చోవడం, ఆరాధన తర్వాత అందరూ కలిసి ప్రేమ విందు తినడం వాళ్ళ దగ్గర బాగా పాతుకున్న అలవాట్లు. పెంతెకొస్తు సంఘాల్లో అచ్చు క్రమం ఉండదు, పాటా ప్రార్థనా గట్టిగా సాగుతాయి. నేను చూసింది పెంతెకొస్తు తీరుదే. అక్కడ కూడా చాపలే పరిచారు. ఆడపిల్లలు ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు. మెట్ల దగ్గర చెప్పులు విడుస్తుంటే మా ఊరి గుడి గుర్తొచ్చి సగం భయం అక్కడే పోయింది.

ఆడపిల్లలందరూ ప్రార్థనకి తల మీద చున్నీ వేసుకున్నారు. నన్నెవరూ అడగలేదు, నేనే వేసుకున్నాను. ఇంట్లో హారతి తీసుకునేటప్పుడు కొంగు సర్దుకున్నట్టే అనిపించింది. వేసుకోకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఎదురుపడినవాళ్ళు "వందనాలు" అనో "ప్రైజ్ ది లార్డ్" అనో అంటారు. నేను నమస్కారం పెట్టాను, సరిపోయింది. నమ్మకం లేనిచోట వాళ్ళ మాటలు అరువు తెచ్చుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. వాళ్ళూ దాన్ని తప్పుగా తీసుకోలేదు.

మొదట పాటలు, దాదాపు ముప్పావు గంట. ఒక కీబోర్డు, ఒక గిటారు, ఒక కుర్రాడు కూర్చున్న చెక్కపెట్టెనే వాయించే కహోన్. గోడ మీద పాటల మాటలు ప్రొజెక్టర్‌లో పడతాయి, కానీ తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. బైబిలు చదివేటప్పుడు కూడా ఒకరు తెలుగులో చదువుతుంటే పక్కన ఇద్దరు ఫోన్లో ఇంగ్లీషు తెరిచి వేలితో జరుపుకుంటూ వింటున్నారు. వాళ్ళలో చాలామందికి తెలుగు ఇల్లు దాటి వినబడేది ఆ హాలులోనే. నా రిపోర్టులో నాకు బాగా నచ్చిన పేజీ ఇదే.

మధ్యలో ఒక పాత కీర్తన ఎత్తుకున్నారు. యూత్ లీడర్ గారి అమ్మగారి పాత పాటల పుస్తకం తర్వాత నాకు చూపించారు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. ప్రతి పాట పైనా రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉన్నాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు మన కీర్తనల ఒరవడిలోనే ఇవి కట్టారు. చిన్నప్పుడు నాలుగేళ్ళు సంగీతం నేర్చుకున్నదాన్ని, ఆ పేజీలు తిప్పుతూ చాలాసేపు కూర్చుండిపోయాను. కుర్రాళ్ళు దానికి గిటారు వాయిస్తుంటే రాగం కొంచెం పక్కకి పోయింది కానీ గొంతులు మాత్రం ఎక్కడా తగ్గలేదు.

తర్వాత అందరూ ఒకేసారి, ఎవరి ప్రార్థన వాళ్ళు, పెద్దగా చేస్తారు. మొదటిసారి ఇది విని నాకు గుండె దడ వచ్చింది. కొందరు ఏడుస్తారు, కొందరు అర్థంకాని మాటలు పలుకుతారు. వాటిని అన్యభాషలు అంటారు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో పెంతెకొస్తు పండగ రోజున శిష్యులు వేరే భాషలు మాట్లాడారని ఉంది, సంఘానికి ఆ పేరు అక్కడిదే. ఇప్పుడు మనం చూసే ఈ ఉద్యమానికి 1906లో లాస్ ఏంజిలిస్‌లో అజూసా వీధిలో జరిగిన కూడికలు పెద్ద ఊపునిచ్చాయి. ఇది ముందే తెలిసి ఉంటే నేను అంత కంగారు పడేదాన్ని కాదు. మీరు ఆ సమయంలో కళ్ళు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చుంటే చాలు. చుట్టూ తలతిప్పి ఎవరు ఏడుస్తున్నారా అని చూడకండి. ఐదారు నిమిషాల్లో ఒక్కసారిగా చల్లబడుతుంది, వర్షం వెలిసినట్టు.

ఇక నా తప్పు. పాటల తర్వాత సాక్ష్యాలు చెప్తారు. ఆ వారం దేవుడు తమకి ఏం చేశాడనుకుంటున్నారో లేచి నిలబడి చెప్పడం. రెండో చాప మీద నుంచి ఒక అమ్మాయి లేచింది, నాకన్నా రెండు మూడేళ్ళు చిన్నది. ఇంట్లో నాన్న తాగుడు గురించి మొదలుపెట్టింది. నేను ఫీల్డ్‌వర్క్ ఉత్సాహంలో నోట్‌బుక్ తీసి ఆమె మాటల్ని అలాగే రాసుకోవడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి చూపు నా పెన్ను మీద పడింది. మాట ఆగిపోయింది. "ఇంతే. దేవునికి స్తోత్రం" అని కూర్చుండిపోయింది. చున్నీ కొసని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, మిగతా ఆరాధనంతా తల ఎత్తలేదు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదనిపించింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సోమవారం మా సార్‌కి చెప్పాను. ఆయన సమాజ శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ గారి సంగతి చెప్పారు. 1948లో, తాను రాంపుర అని పేరు పెట్టుకున్న మైసూరు పల్లెలో ఉండి సేకరించిన వివరాలతో ఏళ్ళ తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు 1970లో స్టాన్‌ఫోర్డ్‌లో కాలిపోతే, ఆయన చాలామటుకు జ్ఞాపకం మీదనే ఆ పల్లె గురించి పుస్తకం రాశారు. "ఆయన ఒక ఊరినే గుర్తుపెట్టుకున్నాడు, నువ్వు రెండు గంటలు గుర్తుపెట్టుకోలేవా?" అన్నారు సార్. అప్పటి నుంచి ఆరాధన అయ్యాక బస్టాపులో కూర్చుని రాసుకునేదాన్ని. రెండు బస్సులు వదిలేస్తే ఎనిమిది పేజీలు వచ్చేవి.

నోట్‌బుక్ లోపల పెట్టాక నాకు కనబడింది ఇంకో నోట్‌బుక్. సాక్ష్యాల తర్వాత ప్రార్థన మనవులు అడుగుతారు. మూలన కూర్చున్న ఒక అబ్బాయి దగ్గర పొడుగాటి రూళ్ళ రిజిస్టర్ ఉంటుంది. తేదీ, పేరు, మనవి, చివర ఖాళీగా ఒక గడి. ఆ గడి పైన "జవాబు" అని రాసి ఉంటుంది. ఒకరికి నోటీస్ పీరియడ్ అయిపోతోంది, ఇంకా ఆఫర్ రాలేదు. ఒకరికి రెండు బ్యాక్‌లాగ్‌లు. ఒకరి తమ్ముడికి డెంగీ. ఒకబ్బాయి "రూమ్‌లో ఒక్కడినే ఉంటే భయంగా ఉంటోంది" అన్నాడు, అంతే. అదీ రాసుకున్నారు, తేదీతో సహా. వచ్చే ఆదివారం పాత మనవులు వరసగా చదువుతారు. తమ్ముడికి ఎలా ఉంది అని పేరు పెట్టి అడుగుతారు. తగ్గిందంటే ఎర్ర ఇంకుతో "స్తోత్రం" అని రాస్తారు. తగ్గకపోతే మళ్ళీ కొత్త వరసలో ఎక్కిస్తారు. మూడు వారాలు ఒకే మనవి ఉంటే ఆ వారంలో ఎవరో ఒకరు వాళ్ళ పీజీకి వెళ్ళి వస్తారు. రెండో ఆదివారం నన్నూ అడిగారు. అమ్మ కంటి ఆపరేషన్ ఉందని చెప్పాను. మూడో ఆదివారం ఆ అబ్బాయి నా వరస దగ్గర ఆగి, "అక్కా, అమ్మగారి కన్ను ఎలా ఉంది?" అని అడిగాడు. మా కాలేజీ, మా హాస్టలు, మా చుట్టాల్లో ఆ వారం అది అడిగింది ఇంకొకరే. మీరు రిపోర్టులో వర్తమానం గురించి ఒక పేరా రాయండి చాలు, ఈ రిజిస్టర్ గురించి రెండు పేజీలు రాయండి.

వర్తమానం అంటే పాస్టర్ గారి ప్రసంగం, నలభై నిమిషాలు. నేను ఉన్న వారాల్లో ఒకటి, తిమోతికి రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయం 12వ వచనం మీద. చిన్నవాడివని ఎవరూ నిన్ను తక్కువగా చూడనివ్వకు అని పౌలు కుర్రవాడైన తిమోతికి చెప్పే మాట అది. యూత్ కూడికల్లో తరచూ వింటారు.

నెల మొదటి ఆదివారం వెళ్తే ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె ముక్కలు, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం ఒక పళ్ళెంలో వరసగా వస్తాయి. అక్కడ బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే తీసుకుంటారు. పళ్ళెం మీ దగ్గరికి వస్తే రెండు చేతులతో అందుకుని పక్కవాళ్ళకి ఇవ్వండి. కంగారు వద్దు. కానుక సంచి కూడా అంతే, వేయాలని లేదు.

మతం మారమంటారా అని మీరు రాయకపోయినా మీ ఇంట్లో అడుగుతారు. నన్ను ఒక పెద్దాయన మూడో వారం సూటిగానే అడిగారు, "ప్రభువుని నమ్ముతావా అమ్మా?" అని. "లేదు సార్, నా నమ్మకం నాకుంది" అన్నాను. "సరే తల్లీ, నీకోసం ప్రార్థన చేస్తాను" అన్నారు, మళ్ళీ ఎత్తలేదు. తమ నమ్మకం మంచిదనుకున్నవాళ్ళు దాన్ని చెప్పడం నాకు తప్పుగా అనిపించలేదు. కాదన్నాక ఆగడం ముఖ్యం, వాళ్ళు ఆగారు. ఎక్కడైనా ఆగకుండా ఒత్తిడి చేస్తే మొహమాటపడకుండా లేచి వచ్చేయండి.

రిపోర్టు సార్‌కి ఇచ్చే ముందు యూత్ లీడర్ అన్నకీ, పాస్టర్ గారి భార్యకీ చదివి వినిపించాను. ఆవిడని అక్కడ అమ్మగారు అంటారు. నేను "పూజ" అని రాసినచోట "ఆరాధన" అని, "ప్రసాదం" అని రాసినచోట "బల్ల" అని ఆవిడే దిద్దారు. సాక్ష్యం ఆపేసిన ఆ అమ్మాయిని విడిగా కలిశాను. ముందు క్షమించమన్నాను. తర్వాత ఆమె గురించి నేను రాసిన పేరా చూపించి, ఉంచనా తీసేయనా అని అడిగాను. నెమ్మదిగా రెండుసార్లు చదివింది. "వద్దక్కా, అది మావాళ్ళ ముందు చెప్పుకున్నది" అంది. తీసేశాను. రిపోర్టులో ఆ చోట ఒక్క వాక్యమే ఉంది: పాటల తర్వాత ముగ్గురు సాక్ష్యం చెప్పారు.